నిండిన విస్తరి

నీలవేణికి మతిపోతోంది. కణాలు ఆరిపోతున్నాయి. అవి ఆరిపోకూడదు.

నీలవేణిది పలాస. విశాఖపట్నంలో, సముద్రపు గాలికి కిటికీ ఊచలన్నీ తుప్పుపట్టిన ఒక పాత ల్యాబులో మూడేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఆమె గురువు ఆచార్య లంక అప్పలస్వామి గారు. గురువంటే గడ్డం, కమండలం ఊహించుకోవద్దు. పొట్టి చేతుల చొక్కా, మోకాళ్ళ నొప్పులు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆయనకి లేదు. అది భరించలేక వేరే గురువుల దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం.

ఆమె చూస్తున్నది కణాల్లోని కాల్షియాన్ని. కాల్షియం అనగానే మనకి ఎముకలూ పాలూ గుర్తొస్తాయి గాని, కణం లోపల దాని పని కబురు మొయ్యడం. ప్రతి కణంలోనూ కాల్షియం దాచుకునే కొట్టుగది లాంటిది ఒకటి ఉంటుంది. బయటి నుంచి కబురు రాగానే ఆ కొట్టు తలుపులు తెరుచుకుని కాల్షియం బయటికొస్తుంది. కాసేపటికి తగ్గుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ తగ్గుతుంది. కాల్షియం తగిలితే వెలిగే రంగు ముందే పట్టించి ఉంచుతారు కాబట్టి, మైక్రోస్కోపులో కణం మిణుకు మిణుకుమంటూ కనిపిస్తుంది. కణానికి అందాల్సిన కబురంతా ఆ మిణుకుల్లోనే ఉంటుంది.

కొట్టు గుమ్మాన్ని ఆనుకుని మైటోకాండ్రియా ఉంటాయి. అవి కణానికి శక్తినిస్తాయని బళ్ళో అందరం బట్టీపట్టాం. వాటికి ఇంకో అలవాటు కూడా ఉంది. గుమ్మంలోంచి వచ్చిన కాల్షియాన్ని వచ్చినట్టే మింగుతాయి.

నీలవేణి ఆలోచన సూటిగా ఉంది. మింగేవాటి నోరు కట్టేస్తే కాల్షియం పేరుకుపోవాలి. కణం ఆరకుండా వెలుగుతూనే ఉండాలి. ఈ మాట ఆమె వేసవిలో డిపార్టుమెంటంతా కూచున్న సెమినార్లో చెప్పింది. ఊరికే చెప్పలేదు, ఇంకా చెయ్యని ప్రయోగానికి బోర్డు మీద పైకి ఎగబాకే గీత కూడా గీసింది. అందరూ తలలూపారు.

అప్పలస్వామి గారు మాత్రం "అవునేటి?" అన్నారు.

ఆయన ఎప్పుడూ అనేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు కార్తీకమాసం. ప్రయోగం అయింది. మైటోకాండ్రియా నోరు కట్టే మందు వేసి చూస్తే, కణం మొదటిసారి బాగానే వెలిగింది. రెండోసారి నీరసంగా వెలిగింది. తర్వాత చీకటి.

రంగు పాడైందేమోనని కొత్త రంగు తెప్పించింది. మందు మార్చింది. కణాలు మార్చింది. మైక్రోస్కోపు దీపం మార్చింది. దసరాకి ఆయుధపూజలో మైక్రోస్కోపుకి పెట్టిన కుంకుమ బొట్టు చెరిగిపోయి ఉంటే, ఎవరూ చూడకుండా అది కూడా మళ్ళీ పెట్టింది. చీకటి మాత్రం మారలేదు.

"నీలక్కా, కొట్టు ఖాళీ అయిపోనాదేమో," అన్నాడు భానోజీ. అదే ల్యాబులో ఆమె తర్వాత చేరినవాడు. పనికన్నా టిఫిన్ మీద ధ్యాస ఎక్కువని పేరుంది గాని, ఆ రోజు అన్నది మంచి మాటే.

ఆరిపోయిన కణాల్లో కొట్టుని బద్దలుకొట్టే మందు వేసి చూసింది. కణాలు భగ్గున వెలిగాయి. కొట్టు నిండుగానే ఉంది.

దాంతో ఆమెకి ఇంకా అయోమయమైపోయింది. కొట్టు నిండుగా ఉంది. కబురు వస్తూనే ఉంది. మింగేవాళ్ళు లేరు. మరి కాల్షియం ఎందుకు రావడం లేదు? భోజనం చేస్తూ ఆలోచించింది, బస్సులో ఆలోచించింది, తల దువ్వుకుంటూ ఆలోచించి దువ్వెన జుట్టులోనే మర్చిపోయి ల్యాబుకి వచ్చింది.

సోమవారం కమిటీ ముందు నిలబడాలి. బయటి ఊరి నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నారు. చెప్పినదానికీ చూపించినదానికీ పొంతన లేకపోతే అంశం మార్చుకోమంటారు. మూడేళ్ళ పని సముద్రంలో కలిసినట్టే. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది. రెండుసార్లు ఏడ్చింది కూడా.

శుక్రవారం పాత ఫొటోలన్నీ తిరగేస్తుంటే ఒక మూల రెండు కణాలు కనిపించాయి. అవి ఆరలేదు. అచ్చం ఆమె వేసవిలో గీసిన గీతలాగే, వెలుగు పైపైకి పోతూనే ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చింది ఆమెకి.

శనివారం పొద్దున్నే ఆ రెండు కణాల వెలుగునీ గీతలుగా గీసి పట్టుకుని గురువుగారి గదికి వెళ్ళింది.

"ఇవి చూడండి సార్. నేను చెప్పినట్టే వచ్చాయి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "మిగతావో?"

"అవి చచ్చిపోయిన కణాలు సార్. మందు ఎక్కువై చచ్చిపోయుంటాయి. తీసేద్దామనుకుంటున్నాను."

"చచ్చిపోయాయని ఎలా తెల్సు?"

"ఆరిపోయాయి కదా సార్."

ఆయన లవంగం ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నారు. గీతలు ఆమె చేతికే తిరిగిచ్చారు. తప్పు అనలేదు, ఒప్పు అనలేదు.

"రేపు వనభోజనాలకి వస్తన్నావు కదా?" అన్నారు.

"సార్, ఎల్లుండి కమిటీ..."

"తెల్సు. పొద్దున్న టిఫిన్ తినీకు. ఆకలితో రా."

నీలవేణికి ఒళ్ళు మండింది. బయటికొచ్చి, "ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే ఈయనకి భోజనాల గొడవ," అని భానోజీ దగ్గర విసుక్కుంది. భానోజీకి భోజనాలు గొడవగా తోచలేదు. బూరెలు ఉంటాయా అని అడిగాడు.

ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం ఆ ల్యాబంతా ఆనందపురం అవతల ఒక తోటకి వెళ్తుంది. అక్కడ ఉసిరిచెట్టు కింద వరసగా విస్తళ్ళు వేస్తారు. చాలాచోట్ల పెద్దవాళ్ళు కూచుంటారు, పిల్లలు వడ్డిస్తారు. ఇక్కడ అది తలకిందులు. శిష్యులు కూచోవాలి, గురువు వడ్డించాలి. ఇది అప్పలస్వామి గారు పెట్టిన పద్ధతి. మోకాళ్ళ నొప్పులున్నా ఆ ఒక్కరోజు పంచె ఎగ్గట్టి, బకెట్టూ గరిటే పట్టుకుని వరసంతా ఆయనే తిరుగుతారు. వద్దంటే వినరు.

ఆ ఆదివారం నీలవేణి చివర్న ఎక్కడో కూచోబోయింది.

"అక్కడ కాదమ్మా. ఇలా వచ్చి భానోజీ పక్కన కూచో," అని పిలిచారాయన.

వచ్చి కూచుంది. విస్తరి మీద నీళ్ళు చల్లుకుంది. అన్నం బేసిన్‌తో ఆయన ఆమె ముందుకొచ్చి, వడ్డిస్తూనే బాగా కిందికి వంగి, ఆమెకి మాత్రం వినపడేలా అన్నారు.

"నువ్వు తినీకు."

"సార్?"

"తినకూడదు. చెయ్యి అడ్డం పెట్టకూడదు. నాను చెప్పినదాకా అంతే."

అని ముందుకెళ్ళిపోయారు.

నీలవేణికి ఏం చెయ్యాలో తోచలేదు. ఉపవాసం ఉండమంటున్నారా? ఉపవాసమైతే రేపు సోమవారం కదా. పోనీ, ఆ రెండు కణాలూ తీసుకెళ్ళినందుకు శిక్షా? శిక్షయితే ఇంతమంది మధ్యలోనా? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. మొహం మాత్రం ఎర్రబడింది.

మా వైపు పంక్తిలో ఒక మర్యాద ఉంది. వడ్డించేవాడు తనంతట తాను ఆగిపోవడం తప్పు. కూచున్నవాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. ఆ చెయ్యి చూశాకే గరిటె వెనక్కెళ్ళాలి. అది కూడా ఒక్కసారికి వెళ్ళదు, వేళ్ళ సందుల్లోంచి కొంచెమైనా జారవిడిచి గాని వెళ్ళదు. అప్పలస్వామి గారు ఈ మర్యాద విషయంలో మహా పట్టుదల మనిషి.

ముద్దపప్పు వచ్చింది. నెయ్యి వచ్చింది. కంద బచ్చలి కూర, పులిహోర, ఉసిరికాయ పచ్చడి వచ్చాయి. అందరికీ వేసినట్టే ఆమెకీ వేశారు. పక్కన భానోజీ తల ఎత్తకుండా తింటున్నాడు. ఆ తినడంలో ఒక శ్రద్ధ ఉంది. అంత శ్రద్ధ మైక్రోస్కోపు దగ్గర చూపించి ఉంటే ఈపాటికి వాడికి డిగ్రీ వచ్చేసేది.

రెండోసారి అన్నం వచ్చింది. నీలవేణి విస్తట్లో ఉన్నదాని మీదే పడింది. పప్పు పులిహోరలోకి పాకింది. భానోజీ విస్తట్లో పప్పు కూడా అప్పటికే అయిపోయి, మళ్ళీ పడింది, మళ్ళీ అయిపోయింది.

గుమ్మడికాయ దప్పళం వచ్చింది. గరిటెడు వేస్తే సగం విస్తరి అంచు దాటి నేల మీదికి కారింది.

ఇంకోసారి దప్పళం వచ్చింది. గరిటె నీలవేణి విస్తరి మీదికొచ్చి ఒక్క క్షణం ఆగింది. తర్వాత భానోజీ వైపు వెళ్ళిపోయింది. పులిహోర కూడా అలాగే ఆమెని దాటి వెళ్ళిపోయింది.

"ఏటక్కా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు భానోజీ, నోట్లో ముద్దతోనే.

"ఏటో, నాకూ తెల్దు," అంది. నిజంగానే ఆమెకి తెలియదు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. నెయ్యి వాసన ముక్కుకి తగులుతోంది. గురువు మీద కోపంగా ఉంది, తన మీద జాలిగా ఉంది, ఇదంతా ఎందుకో అర్థం కాక చిరాకుగా ఉంది.

ఆఖర్న బూరెలొచ్చాయి. వేడివేడిగా, పళ్ళెం నిండా. ఆయన వరసలో ఒక్కొక్కళ్ళకీ రెండేసి వేసుకుంటూ వచ్చి, నీలవేణి ముందు ఆగి విస్తరి చూశారు. వెయ్యకుండా దాటారు. భానోజీకి వేశారు.

ఇక ఆమె ఉండలేకపోయింది. "సార్! నాకు బూరె వెయ్యలేదు."

ఆయన వెనక్కి తిరిగారు. "ఎక్కడెయ్యమంటావు?"

నీలవేణి విస్తరి చూసుకుంది. వేలు పెట్టడానికి చోటు లేదు. అన్నం, పప్పు, పులిహోర ఒకదాన్నొకటి తోసుకుని కుప్పగా ఉన్నాయి.

"బూరెలు అయిపోయాయేటి?" అని ఆయనే అడిగి, పళ్ళెం ఆమె వైపు వంచి చూపించారు.

"లేదు సార్. నిండుగా ఉన్నాయి."

"నువ్వు చెయ్యి అడ్డం పెట్టావేటి?"

"లేదు సార్. మీరే వద్దన్నారు."

"మరి నాను ఎందుకాగాను?"

నీలవేణి తల తిప్పింది.

పళ్ళెం వైపు చూసింది. భానోజీ విస్తరి చూసింది. తుడిచినట్టు శుభ్రంగా ఉంది, అందులో రెండు బూరెలున్నాయి. చూస్తుండగానే ఒకటి మాయమైంది. అది మాయమైన చోట ఇంకొకటి పడింది. తన విస్తరి వైపు చూసింది. పళ్ళెం వైపు మళ్ళీ చూసింది. వరసలో ఎవరో నవ్వారు. ఆమెకి వినపడలేదు.

"సార్," అంది నెమ్మదిగా. "గుమ్మం ముందు..."

"ముందు అన్నం తినమ్మా. చల్లారిపోతాది."

తింది. పప్పులో పులిహోర, పులిహోరలో దప్పళం, ఏది ఏదో తెలియకుండా తింది. విస్తట్లో ఒక పక్క కాస్త పచ్చదనం కనిపించిందో లేదో, అక్కడ బూరె పడింది. ఆమె అడగలేదు.

సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళారు. నీలవేణి ల్యాబుకి వెళ్ళింది.

ముందు ఆ రెండు కణాల ఫొటోలు తీసింది. ఇన్నాళ్ళూ వాటి వెలుగునే చూసింది గాని, రంగు లేకుండా మామూలు దీపం కింద తీసిన ఫొటో చూడలేదు. ఇప్పుడు చూసింది. రెండూ ఉబ్బిపోయి, అంచులు చిరిగి ఉన్నాయి. అంచు చిరిగిన కణంలోకి బయటి కాల్షియమంతా వచ్చి పడుతుంది. అలాంటి కణం వెలుగుతూనే ఉంటుంది, చచ్చిపోయి మరీ వెలుగుతుంది. ఆమెకి సిగ్గేసింది.

తర్వాత కొత్త కణాలు తీసుకుంది. మందు వేసింది. ఎప్పటిలాగే ఒకసారి వెలిగి, రెండోసారి నీరసించి ఆరిపోయాయి. ఈసారి వాటిని పారబొయ్యలేదు. మందు కడిగేసి ఎదురుచూసింది. చాలాసేపు చీకటిగానే ఉంది. ఆపైన ఒక కణం మిణుకుమంది. దాని పక్కది మిణుకుమంది. కాసేపటికి కణాలున్న గాజు పళ్ళెమంతా మిణుకుతోంది. ఇన్నాళ్ళూ తను చచ్చిపోయాయనుకున్నవి ఇవే. ఆమెకి నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోమవారం కమిటీ ముందు నీలవేణి వేసవిలో గీసిన గీతతోనే మొదలుపెట్టింది.

"నేను ఇలా అవుతుందని అందరి ముందూ చెప్పాను. అది తప్పు," అంది. ఆ తర్వాత ఆరిపోయిన కణాలన్నీ చూపించింది. మందు కడిగేశాక మళ్ళీ మిణుకుతున్నవీ చూపించింది. ఆ రెండు కణాలనీ దాచలేదు. అవి చచ్చిపోయినవని చెప్పి, వాటినే చూపిద్దామనుకున్నానని కూడా చెప్పింది.

"కొట్టు గుమ్మం ముందు, మన రంగుకి కనపడనంత చిన్న సందులో, కాల్షియం కదలకుండా నిలబడిపోతే తలుపు తనే మూసుకుంటోందని అనుకుంటున్నాను సార్. మైటోకాండ్రియా దాన్ని తీసుకుంటూ ఉంటేనే తలుపు మళ్ళీ తెరుచుకుంటోంది. ఇంకా తేల్చాల్సింది చాలా ఉంది," అంది.

బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నారు. విన్నకొద్దీ ఆయన నుదుటి మీద ముడతలు ఎక్కువయ్యాయి. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చూడమ్మా. కొట్టు నిండుగా ఉందంటావు. తీసేసేవాళ్ళు లేరంటావు. తీసేవాళ్ళు లేకపోతే పేరుకుపోవాలి గాని, అసలు రావడమే ఆగిపోవడమేమిటి? నాకు ఒక్క ముక్క బోధపడటం లేదు."

నీలవేణి చెప్పబోయి ఆగింది. తనకి ఇదే ప్రశ్న ఎన్నాళ్ళు నిద్ర లేకుండా చేసిందో గుర్తొచ్చింది. వెనక వరసలో కూచున్న గురువు వైపు చూసింది.

అప్పలస్వామి గారు మోకాళ్ళు పట్టుకుని లేచారు.

"మజ్జాన్నం మా ఇంటికి భోజనానికి రండి సార్," అన్నారు. "నీలవేణి వడ్డిస్తాది."